లేపాక్షిని తీరిగ్గా, నవ్వుకుంటూ చూడడం ఎలా?

లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చినవాళ్లలో చాలామంది నేలకు తగలదని చెప్పే వేలాడే స్తంభం కింద చున్నీ లాగి, నంది ముందు ఫొటో దిగి, గంటలో బండెక్కేస్తారు. హిందూపురం నుంచి 15 కిలోమీటర్లే కదా, ఓ పూట కేటాయించండి. పాండిత్యం అక్కర్లేదు, కాస్త పిల్లల బుద్ధి ఉంటే చాలు.

1. స్తంభాన్ని ఆఖరికి వాయిదా వేయండి. ముందు నాట్యమండపంలో శివభక్తుడైన భృంగి మహర్షిని వెతకండి. శివుడికి మాత్రమే ప్రదక్షిణ చేసి పార్వతిని పట్టించుకోలేదట ఈయన. అమ్మవారికి కోపమొచ్చి ఒంట్లో సత్తువ లాగేస్తే, నిలబడడానికి శివుడు మూడో కాలిచ్చాడు. ఆ మూడు కాళ్లాయనే ఇక్కడ రంభకు నాట్యం నేర్పే మాస్టారు! శిల్పి ఎంత ముసిముసిగా నవ్వుకుని ఉంటాడో.

2. ఇప్పుడు తలెత్తండి. పైకప్పు నిండా 16వ శతాబ్దపు బొమ్మలు. మెడ పట్టేస్తుంది కాబట్టి సెల్ఫీ కెమెరా తెరిచి ఫోన్‌ను అరచేతిలో వెల్లకిలా పెట్టుకోండి, అద్దంలా పనికొస్తుంది. ఫ్లాష్ మాత్రం వద్దు. దేవుళ్లను కాసేపు పక్కన పెట్టి బట్టలు చూడండి. చీరల గళ్లు, అంచులు, కొప్పులు ఒకదానికొకటి పోలి ఉండవు. మగవాళ్ల నెత్తిన గరాటు బోర్లించినట్టు పొడుగాటి టోపీలు. అవే కుళ్లాయిలు. అంతకు వందేళ్ల ముందు విజయనగర కొలువుకు వెళ్లిన శ్రీనాథుడు, కుళ్లాయి పెట్టుకున్నాను, వెల్లుల్లి తిన్నాను, ఇంకా దయ రాలేదా అని మొరపెట్టుకున్న చాటువు ఉంది. ఈ టోపీలు చూశాక ఆయన బాధ అర్థమవుతుంది.

3. ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు శిల్పం ఎక్కడని గైడునడగండి. రెండు తలల్ని చేత్తో మూస్తే మిగిలింది ఒక మామూలు ఆవు. చెయ్యి మార్చితే ఇంకో ఆవు. పిల్లలుంటే ఇక్కడ అరగంట పోయినట్టే.

4. పాము పడగ పట్టిన శివలింగం, నాగలింగం దగ్గర కథ వినండి. శిల్పుల తల్లి వంట ముగించేలోగా వాళ్లు ఏడు పడగలూ చెక్కేశారట. ఆమె వచ్చి అబ్బురంగా చూసేసరికి దిష్టి తగిలి రాయి పగిలిందట. పగుళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. 27 అడుగుల పొడవున్న నంది చూపు ఇటే.

5. కల్యాణమండపం సగంలో ఆగిపోయింది. కోశాధికారి విరూపణ్ణ రాజు సొమ్ము అడక్కుండా ఖర్చు పెట్టాడన్న నింద పడి, తానే కళ్లు పెరికి గోడకు కొట్టాడని చెబుతారు. గోడమీది ఎర్ర మరకలు చూపిస్తారు కూడా. ఆడిట్ అభ్యంతరం ఇంత దూరం వెళ్లిన కథ నేనింకోటి వినలేదు.

6. ఇక స్తంభం. చున్నీ లాగండి. ఒక మూల నేలకు ఆనే ఉంది, గుడ్డ అక్కడ చిక్కుకుంటుంది. సరిగ్గా అప్పుడే గైడు, దీన్ని కదపబోయిన ఇంగ్లీషు ఇంజనీరు కథ అందుకుంటాడు. అడ్డు తగలకండి, మొత్తం చెప్పనివ్వండి.