మీటింగులో నోరు విప్పనివాళ్ల కోసం

యువజన బృందం నడుపుతున్నవాళ్లు ఈసారి ఇలా చేసి చూడండి. ప్రశ్న వేయగానే ఎవరినీ మాట్లాడనివ్వకండి. తలా ఒక చీటీ ఇచ్చి రెండు నిమిషాలు రాసుకోమనండి, తర్వాత పక్కవాళ్లతో చెప్పుకోమనండి. అందరి ముందు మాట్లాడటం ఆ తర్వాతే. ఎప్పుడూ మాట్లాడే ఆ నలుగురే మీటింగంతా నడిపేయడం బాగా తగ్గుతుంది. రాయడం ఇబ్బందైనవాళ్లు బొమ్మ గీయొచ్చు, పక్కవాళ్లతో రాయించుకోవచ్చు. ఈ మాట మొదట్లోనే అందరికీ కలిపి చెప్పేయండి, ఎవరూ విడిగా వచ్చి అడగాల్సిన అవస్థ ఉండదు.

అడిగాక కాస్త ఆగండి కూడా. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, 3 సెకన్లు ఆగితే ఎక్కువమంది పిల్లలు ఇంకా వివరంగా జవాబిస్తున్నారని 1970ల్లో అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. బృందాల్లోనూ ఇది పనిచేస్తుంది.

ఇక వచ్చినవాళ్లు బృందంలో నిలబడాలంటే చేతిలో పనుండాలి, అదీ వాళ్లు చేయకపోతే ఆగిపోయే పని. వరసగా రానివాళ్లకు ఫోన్ చేసి "ఎందుకు రాలేదు?" అని నిలదీయకండి. "పోస్టర్ నీకోసం ఆగింది, టైం మార్చమంటావా?" అనండి. అసలు అడ్డంకి చాలాసార్లు టైమో, రానుపోను ఖర్చో అయ్యుంటుంది. అది గ్రూపులో అందరి ముందూ చెప్పుకోలేరు.