కొన్న ఆల్బమ్ బాగుందో లేదో ఎలా తేల్చాలి

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ రికార్డులు కొంటుంటే ముందు షాపులోనే లైట్ కింద ఎల్పీని కాస్త వంచి చూడండి, గీత కనబడితే గోరు మెల్లిగా ఆనించండి, గోటికి తగిలిందా, టక్ టక్ వినబడటం దాదాపు ఖాయం, ఇండీ రాక్ అయితే గిటార్ల గోలలో కొట్టుకుపోతుంది గానీ స్టాండప్ కామెడీ రికార్డులో పంచ్ ముందు గ్యాప్ ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడే పడి చంపుతుంది. కవర్ చిరిగినా నాకైతే పర్లేదు.

ఇక వినడం. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఫోన్ స్పీకర్‌లో విన్నది లెక్కలోకి రాదు. బ్యాండ్‌దైతే రెండోసారి బేస్, డ్రమ్స్ మీదే చెవి పెట్టండి, మన ఊరి రాక్ బ్యాండ్ థర్మల్ అండ్ ఎ క్వార్టర్‌ని కూడా అలా విని చూడండి. కామెడీకి రెండోసారి అంత నవ్వు రాదు, అదే మంచిది, జోక్ ఎలా కట్టాడో అప్పుడే దొరుకుతుంది. 1960లో వచ్చిన అమెరికన్ కమెడియన్ బాబ్ న్యూహార్ట్ ఆల్బమ్‌లో ఫోన్ బిట్లున్నాయి, అవతలివాడి మాట మనకి వినబడదు, ఈయన ఆగి ఆగి ఇచ్చే జవాబుల్లోనే ఉంది కామెడీ అంతా, పాటల ఆల్బమ్‌లని దాటి గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టింది మరి!

ఫ్రెండ్స్ అడిగితే "సూపర్ మామా" అని వదిలేయకండి, ఏ ట్రాక్ నచ్చింది, ఎక్కడ బోర్ కొట్టింది చెప్పండి, అప్పుడే వాళ్ళు డబ్బులు పెట్టాలో వద్దో తేల్చుకుంటారు.