పని అయింది, డబ్బు రాలేదు: కాంట్రాక్టు బకాయి వసూలు చేసుకునే వరుస

బిల్లు ఇచ్చి గడువు దాటినా డబ్బు రాకపోతే చాలామంది మొదట చేసేది ఫోన్ మీద ఫోన్. రెండు మూడు నెలలు అలా గడిచాక ఓపిక నశించి ఏకంగా లాయర్ నోటీసు పంపిస్తారు. జవాబుగా అప్పటిదాకా ఎన్నడూ వినని మాట వస్తుంది: "పనిలో నాణ్యత లేదు, మీవల్ల మాకే నష్టం." ఆ క్షణం నుంచి అది బకాయి కాదు, వివాదం. ఒప్పుకున్న బాకీని రాబట్టడానికి చట్టంలో దగ్గరి దారులు చాలా ఉన్నాయి. వివాదంలో పడితే వాటిలో ఎక్కువ భాగం మూసుకుపోతాయి. కాబట్టి ముందు బాకీ ఉందని క్లయింట్ చేత కాగితం మీద ఒప్పించాలి, ఆ తర్వాతే గట్టిగా అడగాలి. కింద రాసినదంతా భారతదేశంలోని చిన్న కాంట్రాక్టర్లకు, ఫ్రీలాన్సర్లకు, సర్వీసు సంస్థలకు పనికొచ్చేది.

బిల్లు ఎక్కడ ఆగింది?

కాస్త పెద్ద కంపెనీల్లో ఎవరూ ఎగ్గొట్టాలని అనుకోకుండానే బిల్లులు నెలల తరబడి ఆగిపోతుంటాయి. బిల్లు మీద వర్క్ ఆర్డర్ నంబరు లేకపోవడం, సైట్ ఇంజనీరు కొలతల మీద సంతకం పెట్టకపోవడం, ఆ కంపెనీకి రెండు రాష్ట్రాల్లో జీఎస్టీ నంబర్లుంటే మీరు తప్పుది వేయడం, మీరు జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) బిల్లు చూపనందువల్ల వాళ్ల 2బిలో (కొనుగోళ్ల మీద దక్కే క్రెడిట్ చూపే స్టేట్‌మెంట్) అది కనిపించకపోవడం, ఇవీ మామూలు కారణాలు. వీటిని సరిదిద్దకుండా ఎన్ని రిమైండర్లు పంపినా గోడకు చెప్పినట్టే.

పని చేయించుకున్న మేనేజరును కాదు, అకౌంట్స్‌లో పేమెంట్లు చూసే మనిషిని అడగండి. "డబ్బు ఎప్పుడిస్తారు?" అంటే "వచ్చే వారం చూద్దామండీ" అనే జవాబు వస్తుంది, అది ఎందుకూ పనికిరాదు. "ఫలానా నంబరు బిల్లు మీ బుక్స్‌లో ఎంట్రీ అయిందా? ఎవరి అప్రూవల్ పెండింగ్‌లో ఉంది?" అని అడిగితే మాత్రం అవునో కాదో చెప్పక తప్పదు. ఎంట్రీ అయిందని చెప్పారంటే మొదటి ఒప్పుకోలు దొరికినట్టే. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో దాన్ని మెయిల్లో పెట్టండి: "ఇప్పుడే మాట్లాడినట్టు, మా బిల్లు మీ బుక్స్‌లో ఎంట్రీ అయి, ఫైనాన్స్ హెడ్ గారి అప్రూవల్ కోసం ఉందని తెలిపారు. ధన్యవాదాలు."

క్లయింట్ లెక్కలే మీ సాక్షి

మీ పేరున జమైన పన్నులు చూపే, ఫారం 26ఏఎస్‌గా పేరుపడ్డ ఆదాయపు పన్ను స్టేట్‌మెంట్ తెరిచి చూడండి. టీడీఎస్‌ను, అంటే మీకిచ్చే సొమ్ములోంచి క్లయింట్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్నును, డబ్బు చెల్లించినప్పుడు గానీ, పుస్తకాల్లో మీ ఖాతాకు జమ రాసినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు కోయాలి. అంటే మీకు రూపాయి రాకపోయినా ఆ బిల్లు మీద టీడీఎస్ కనిపిస్తోందంటే, మీకివ్వాల్సిన మొత్తాన్ని వాళ్లు తమ పుస్తకాల్లో బాకీగా రాసుకున్నారన్నమాట. దీన్నొక్కదాన్నే చూసి కోర్టు డిక్రీ ఇచ్చేయదు. కానీ పనే సరిగా లేదనేవాళ్లు ఆ బిల్లును ఖర్చుగా ఎందుకు రాసుకున్నారో చెప్పుకోవాల్సి వస్తుంది. వివరాలు మూడు నెలలకోసారి దాఖలయ్యే స్టేట్‌మెంట్ల తర్వాతే కనిపిస్తాయి కాబట్టి కొంత ఆగి చూడాలి. కనిపించగానే ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

తర్వాతది స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, వచ్చిన డబ్బు, కోసిన టీడీఎస్, రిటెన్షన్ (పనికి హామీగా క్లయింట్ ఆపి ఉంచుకున్న సొమ్ము), మిగిలిన బాకీ అన్నీ ఒకే పట్టికలో వేయండి. టీడీఎస్ తీసేయకుండా మొత్తం బిల్లును బాకీగా చూపడం తరచూ జరిగే తప్పు. ఆ తేడా పట్టుకుని "మీ లెక్కే తప్పు" అంటూ అవతలివాళ్లు ఇంకో రెండు నెలలు లాగుతారు. పట్టికతో పాటు ఇలా రాయొచ్చు: "మా పుస్తకాల ప్రకారం మీ నుంచి రావలసిన బాకీ ఇది. సరిపోయిందని తెలపగలరు, లేదా మీ లెడ్జరు కాపీ పంపగలరు." మార్చి, ఏప్రిల్ నెలల్లో అడిగితే జవాబు తేలిగ్గా వస్తుంది. ఆడిట్ కోసం వాళ్లకూ బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అవసరమే.

ఈ కాగితానికి మరో ప్రయోజనం ఉంది. డబ్బు కోసం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మామూలుగా 3 ఏళ్లు. గడువు ముగియకముందే బాకీని సంతకంతో రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. కొంత సొమ్ము చెల్లించి దానికి రాతలో ఆధారం ఉన్నా అంతే. గడువు దాటాక వచ్చిన ఒప్పుకోలుకు ఆ బలం లేదు. నోటీసులు పంపుతూ పోతే గడువు పెరుగుతుందనుకోవడం భ్రమ. మీ ఉత్తరాలు ఎన్నయినా గడువును ఒక్క రోజు కూడా జరపవు.

45 రోజుల చట్టం

మీరు ఉద్యమ్‌లో (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు పోర్టల్) సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) మీకు పెద్ద అండ. నమోదు ఉచితం. ఒక్కరే పనిచేసుకునే ఫ్రీలాన్సర్ కూడా చేసుకోవచ్చు. రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువుకు చెల్లించాలి, అది ఏ పరిస్థితిలోనూ 45 రోజులు మించకూడదు. వర్క్ ఆర్డర్‌లో 90 రోజులని రాసుకున్నా చట్టం ముందు అది నిలవదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు.

రోజులు లెక్కపెట్టేది బిల్లు తేదీ నుంచి కాదు, పనిని అంగీకరించిన తేదీ నుంచి. పని అప్పగించిన 15 రోజుల్లోగా రాతలో అభ్యంతరం చెప్పకపోతే, అప్పగించిన రోజే అంగీకరించినట్టు లెక్క. అందుకే పని అప్పగించేటప్పుడు తేదీతో సంతకం తీసుకోండి. సంతకం దొరక్కపోతే అదే రోజు "పని పూర్తిచేసి అప్పగించాం" అని మెయిల్ పెట్టండి. ఆర్నెల్ల తర్వాత పుట్టుకొచ్చే నాణ్యత కథలకు ఈ ఒక్క మెయిల్ చాలావరకు కళ్లెం వేస్తుంది.

గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు 3 రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే ఏడాదికి 18, నెలకు 1.5 శాతం. రూ.5,00,000 బాకీ 12 నెలలు ఆలస్యమైతే వడ్డీ సుమారు రూ.97,800. బ్యాంకు రేటు మారుతుంటుంది కాబట్టి లెక్క కట్టే రోజు అమల్లో ఉన్నది చూసుకోవాలి.

వడ్డీ కంటే క్లయింట్ ఆడిటర్‌కు ఎక్కువ తలనొప్పి తెచ్చేవి రెండు పన్ను నియమాలు. ఆదాయపు పన్నులో 43బి(హెచ్) అని పేరుపడ్డ నియమం 2023 ఫైనాన్స్ చట్టంతో వచ్చి, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలైంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు పై గడువులోగా చెల్లించకపోతే ఆ ఖర్చును నిజంగా డబ్బిచ్చిన సంవత్సరంలోనే చూపుకోవాలి. ఆలస్యమైనా మార్చి 31లోగా ఇచ్చేస్తే ఆ ఏడాదికే దక్కుతుంది. అందువల్ల ఈ సంగతి గుర్తుచేసే ఉత్తరం ఫిబ్రవరిలో వెళ్లాలి, ఏప్రిల్లో వెళ్తే అదను పోయినట్టే. రెండోది జీఎస్టీ: బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే మీ బిల్లులోని జీఎస్టీకి వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (పన్ను మినహాయింపును) వడ్డీతో వెనక్కి కట్టాలి. 150వ రోజు ప్రాంతంలో "ఈ బిల్లుకు 180 రోజులు ఫలానా తేదీతో పూర్తవుతాయి, గమనించగలరు" అని ఫైనాన్స్ హెడ్‌కు రెండు వాక్యాలు చాలు. బెదిరింపు స్వరం అక్కర్లేదు, అకౌంట్స్ వాళ్లకు అర్థమవుతుంది.

కౌన్సిల్‌కు వెళ్లేముందు

అప్పటికీ కదలకపోతే 15 రోజుల గడువుతో ఆఖరి ఉత్తరం స్పీడ్ పోస్టులోనూ మెయిల్లోనూ పంపండి. బాకీ పట్టిక, వడ్డీ లెక్క, వాళ్లు ఒప్పుకున్న మెయిల్ ప్రతి దానికి జతచేయాలి. కోపం, నిందలు వద్దు. ఈ ఉత్తరాన్ని చివరికి చదివేది కౌన్సిల్ సభ్యుడో జడ్జో అవుతారు.

తర్వాత కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో (ఈ చట్టం కింద బకాయి వివాదాలు చూసే సంస్థ) ఫిర్యాదు వేయొచ్చు. మీరున్న రాష్ట్రంలోని కౌన్సిల్ చాలు, కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా సరే. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట తీర్పరి విని అవార్డు (తీర్పు) ఇవ్వడం. చట్టం 90 రోజులంటుంది గానీ ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఒప్పందంలో వేరే ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా ఈ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో తేల్చింది. అన్నిటికంటే బలమైన అంశం ఏమిటంటే, అవార్డు మీకు అనుకూలంగా వస్తే దాన్ని సవాలు చేయడానికి అవతలివాళ్లు ముందుగా అవార్డు మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి. ఊరికే లాగుదామనుకునే క్లయింట్లు ఇక్కడే రాజీకి దిగుతారు.

ఫిర్యాదులు వీగిపోయే చోట్లు కూడా తెలిసి ఉండాలి. పని అయ్యాక ఉద్యమ్ నమోదు చేసుకుని పాత బిల్లులకు అడిగితే చిక్కే. వర్క్ ఆర్డర్ ఒక సంస్థ పేర, ఉద్యమ్ ఇంకో సంస్థ పేర ఉన్నా అంతే. సరుకు, కూలీ కలిపి ఉండే వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తించదని బాంబే హైకోర్టు తీర్పులున్నాయి. సివిల్ పనులు చేసేవాళ్లు ఫిర్యాదు వేసేముందే లాయర్‌ను అడగడం మంచిది.

చెక్కు, దావా, దివాలా

క్లయింట్ ఇచ్చిన చెక్కు బౌన్సయితే తేదీలే ప్రాణం. చెక్కు రాసిన తేదీ నుంచి 3 నెలల్లోగా బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక వాళ్లకు 15 రోజుల వ్యవధి ఉంటుంది, అది ముగిసిన నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. "మళ్లీ వేయండి, ఈసారి పాసవుతుంది" అనే మాట నమ్మి 30 రోజులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. నోటీసులో చెక్కు మొత్తాన్ని కచ్చితంగా, విడిగా అడగండి. వడ్డీ, ఇతర బాకీలు అందులో కలిపేస్తే నోటీసే చెల్లకుండా పోవచ్చు.

సివిల్ కోర్టులో రాతపూర్వక ఒప్పందం మీద నిర్దిష్టమైన మొత్తం రావాల్సి ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా (త్వరగా తేలే దావా) వేయొచ్చు. అందులో ప్రతివాది వాదించాలంటే ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. "బాకీ సరిపోయింది" అన్న మెయిల్ మీ చేతిలో ఉంటే ఆ అనుమతి అంత తేలిగ్గా దొరకదు. రూ.3 లక్షలు, ఆపై విలువున్న వాణిజ్య వివాదమైతే అత్యవసర ఉత్తర్వులు కోరని పక్షంలో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అది కాలయాపన అనుకోకండి, అక్కడ కుదిరిన రాజీకి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన బలం ఉంటుంది. వాట్సాప్, మెయిళ్లను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందుకే పాత ఫోన్ అమ్మేయకండి. క్లయింట్ ప్రభుత్వ శాఖ అయితే దావాకు ముందు 2 నెలల నోటీసు ఇవ్వాలి.

దివాలా చట్టం కింద నోటీసిస్తే కంపెనీ వణికిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు కనిపిస్తారు. కనీస బాకీ రూ.కోటి ఉండాలి. నోటీసుకు ముందే వివాదం ఉందని వాళ్లు చూపిస్తే పిటిషన్ అక్కడితో సరి. ఒకవేళ నెగ్గినా బ్యాంకుల వెనక మీరు వరుసలో నిలబడాలి. ఇక పోలీసు స్టేషన్లో చీటింగ్ కేసు పెట్టడం, సైట్ నుంచి సామాను ఎత్తుకురావడం, క్లయింట్ పేరు సోషల్ మీడియాలో వేయడం, ఇవన్నీ మీ మీదికే కేసు తెచ్చిపెట్టొచ్చు. మిగిలిన పని ఆపాలనుకుంటే ఒప్పందంలో ఏముందో చూసి, ముందుగా రాతలో నోటీసిచ్చి ఆపండి.

రాజీ కాగితం

చివరికి "కొంత తగ్గించుకోండి, సెటిల్ చేసేద్దాం" అంటారు. తగ్గించడం తప్పేం కాదు, ఏడాది కోర్టు ఖర్చుతో పోల్చి చూసుకోండి. కానీ ఒప్పందంలో పూర్తి బాకీ ఎంతో ముందు రాయించి, వాయిదాలన్నీ తేదీల ప్రకారం అందితేనే తగ్గింపు వర్తిస్తుందని, ఒక్కటి తప్పినా మొత్తం బాకీ వడ్డీతో తిరిగొస్తుందని రాయాలి. ప్రతి వాయిదాకు ఆ వాయిదా తేదీతో పోస్ట్ డేటెడ్ చెక్కు ముందే తీసుకుని, ఏ చెక్కు ఏ బిల్లుకో అందులోనే చూపాలి. డబ్బు ఖాతాలో పడకముందు "ఫుల్ అండ్ ఫైనల్" కాగితం మీద, నో డ్యూస్ లెటరు (ఇక బాకీ ఏమీ లేదనే ఉత్తరం) మీద సంతకం చేయొద్దు. రిటెన్షన్ సొమ్ము ఇంకా రావాల్సి ఉంటే ఆ సంగతి విడిగా రాయించండి, లేకపోతే అదీ సెటిల్మెంట్‌లో కలిసిపోయిందంటారు. తగ్గించిన మొత్తం మీద మీరు ఇప్పటికే కట్టిన జీఎస్టీ వెనక్కి సర్దుకోవాలంటే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గించినట్టు చూపే కాగితం) ఇవ్వాలి. దానికి గడువు, బిల్లు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30. బేరం సాగదీస్తూ ఆ తేదీ దాటించారా, డబ్బుతో పాటు పన్ను కూడా మీ జేబులోంచే పోతుంది.