కొబ్బరి నీటిపై పెరిగిన పొరకు ఎంజైముతో రంగు వేయడం ఎలా?

కోనసీమలో ఎండు కొబ్బరి కోసం కాయలు కొట్టినప్పుడు నేలపాలయ్యే ముదురు కాయ నీటిలో, కొంబూచా అనే పులియబెట్టిన తీపి టీలోని బ్యాక్టీరియా చక్కెరను తిని దళసరి సెల్యులోజ్ పొరను అల్లుతుంది. ఆ పొరకు, రంగు పట్టించడానికి వాడే లోహ లవణాలతో పనిలేకుండా, బంగాళాదుంపలోని ఎంజైముతో గోధుమ రంగు తెప్పించవచ్చు.

లీటరు కొబ్బరి నీటిలో 80 గ్రాముల చక్కెర వేసి మరిగించి, పూర్తిగా చల్లారాక 150 మిల్లీలీటర్ల పుల్లని కొంబూచా ద్రవాన్ని, దాని పొర ముక్కను కలిపి, వెడల్పాటి గాజు పాత్రకు బట్ట కట్టి రెండు వారాలు కదపకుండా ఉంచాలి. 28–30 డిగ్రీల వేడి దీనికి అనుకూలం. రోహిణి కార్తెలో మాత్రం ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. బూజు పడితే మొత్తం పారవేయాలి.

పెరిగిన పొరను, లీటరుకు 20 గ్రాముల చాకలి సోడా కలిపిన నీటిలో అరగంట ఉడికించి, జారుడు పోయేదాకా కడిగితే తాటిముంజెలా తెల్లబడుతుంది. దీన్ని ఇప్పుడే ఆరబెట్టకూడదు. తడి పొరలో నూటికి 98 వంతుల వరకు నీరే ఉంటుంది. పోగుల మధ్య ఖాళీలు ఒకసారి ఎండి మూసుకుపోతే, ఎంత నానబెట్టినా మునుపటిలా తెరుచుకోవు, రంగు లోపలికి దిగదు.

తరువాత 200 గ్రాముల పచ్చి బంగాళాదుంపను తురిమి, అంతే చల్లటి నీటితో పిండి, గంజిపిండి అడుగున పేరుకున్నాక పై తేటను వంచుకోవాలి. వేడి తగిలితే ఎంజైము చచ్చిపోతుంది, నిమ్మరసం పడితే పని చేయదు. ఎంజైము అణువు పెద్దది కనుక నెమ్మదిగా లోపలికి చేరుతుంది. అందుకే ముందుగా పొరను ఈ తేటలో ఫ్రిజ్‌లో రాత్రంతా నానబెట్టాలి.

మరునాడు అర లీటరు నీటిలో 10 గ్రాముల గ్రీన్ టీ కాచి వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక పొరను అందులో వేయాలి. టీలోని కాటెచిన్లు అనే వగరు పదార్థాలు చిన్న అణువులు కాబట్టి సులువుగా లోపలికి వెళ్లి, ఎంజైము సాయంతో ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానికొకటి అతుక్కుని పెద్ద రంగు అణువులై పోగుల మధ్యే చిక్కుకుంటాయి. తేయాకు నల్లబడి మామూలు టీ పొడి అయ్యేదీ ఈ చర్యవల్లనే. గాలి తగలడం అవసరం కనుక పావుగంటకోసారి పొరను పైకెత్తి తిప్పుతూ, నాలుగైదు గంటలు ఓపిక పట్టాలి.

కోరిన ఛాయ రాగానే 80 డిగ్రీల నీటిలో పది నిమిషాలు ఉంచితే చర్య ఆగుతుంది. ఆపై బాగా కడిగి, నూటికి అయిదు వంతుల గ్లిజరిన్ కలిపిన నీటిలో గంటసేపు ముంచి, చెక్క పలకపై పరిచి నీడలో ఆరబెట్టాలి. గ్లిజరిన్ మానేస్తే ఆరిన పొర ఆత్రేయపురం పూతరేకులా పెళుసుగా విరుగుతుంది. మిగిలిన టీ, దుంప నీళ్లను కొబ్బరి చెట్టు మొదట్లో పోయవచ్చు గాని, సోడా నీటిని చెట్లకు, పంట కాలువకు దూరంగానే పారబోయాలి.