చిన్నపిల్లలకి సైటు రాకుండా ఇంట్లో ఏం చెయ్యాలంటే

మా అమలాపురం వైపు ఇన్ని కొబ్బరితోటలుండి కూడా పిల్లలు గదిలో ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారండీ, చూస్తే ప్రాణం ఉసూరుమంటది. ముందు రోజుకి 2 గంటలు బయట ఆడనివ్వండి, చెట్టు నీడైనా పర్లేదు, పగటి వెలుతురుంటే కనుగుడ్డు మరీ పొడుగు సాగే ముప్పు తగ్గుద్ది, అది సాగితేనే దూరంవి మసగ్గా కనిపిస్తాయి. 2 ఏళ్ళలోపు ఫోన్ వద్దే వద్దు, 5 ఏళ్ళలోపు గంట దాటనివ్వకండి.

మా చిన్నోడు అన్నం తినేటప్పుడు ఫోను ముక్కుకి జానెడు దూరంలో పెట్టుకునేవోడు, అది మాన్పించి కాలవగట్టు మీద బాతుల్ని చూపిస్తా ముద్దలు పెట్టాం, వారం ఏడ్చాడు, తర్వాత వాడే గట్టుకెళ్దాం అనేవోడు.

మునగాకు పప్పు, బొప్పాయి పెట్టండి మంచిదే, కానీ వాటితో వచ్చిన సైటు పోద్దంటే నమ్మొద్దు. టీవీ దగ్గరికి జరుగుతున్నా, కళ్ళు చికిలిస్తున్నా ఆగకుండా కంటి డాక్టరుకి చూపించండి, అద్దాలు రాస్తే పెట్టించండి.