ఆడవాళ్ల పాట మీద తొలి కార్యక్రమం ఎలా చేయాలి?

సంగీత పరిశోధన, కార్యక్రమాల నిర్వహణ కలిపి బతుకుతెరువు చేసుకోవాలనుకునేవాళ్లు ముందు "ఏ కోర్సు?" అని అడుగుతారు. కోర్సు చేయండి, తప్పులేదు. చేతికి పని పట్టుబడేది మాత్రం ఓ గంటన్నర కార్యక్రమం మీరే నడిపినప్పుడు.

1. ఒక్క మనిషిని పట్టుకోండి. "సంగీతంలో స్త్రీలు" అని మొదలుపెడితే ఒడ్డు దొరకదు. కర్ణాటక సంగీత గాయని బెంగళూరు నాగరత్నమ్మను తీసుకోండి. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' కావ్యాన్ని ఆవిడ 1910లో మళ్లీ అచ్చువేయించారు. ప్రభుత్వం నిషేధించింది, 1947 దాకా ఎత్తేయలేదు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిందీ నాగరత్నమ్మే. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే వాళ్లతో వేరే బృందం కట్టి పాడించారు.

2. ఏం తీసేశారో వెతకండి. ముద్దుపళని తన ఇంటి ఆడవాళ్ల కవితా వారసత్వం చెప్పుకున్న పీఠిక నాగరత్నమ్మకు ముందరి అచ్చులో లేదు. స్త్రీవాద పరిశోధన అంటే జడుసుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే: రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని చదవడం. రికార్డులకూ అంతే. గ్రామఫోను తొలి రోజుల గాయని గౌహర్ జాన్ మూడు నిమిషాల పాట చివర తన పేరు తనే చెప్పుకునేది. పక్కన తబలా వాయించిందెవరో?

3. పెద్దవాళ్ల పాటలు రికార్డు చేయండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ముందు తేదీ, ఊరు, పాడేవారి పేరు మీ గొంతుతో చెప్పండి. తిరగలి పాటైతే తిరగలి ఆపమనకండి, లయంతా దానిలోనే ఉంది. నలుగురికీ వినిపించవచ్చా అని అడిగి, ఆ జవాబూ రికార్డు చేయండి. నా తొలి కరపత్రంలో ఒకావిడ దంపుళ్ల పాట పక్కన "జానపదం" అని వేశాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని రెండు వైపులా చూసి, "నా పేరేదమ్మా?" అంది. మిగిలిన కాపీలన్నిటి మీదా పెన్నుతో రాశాను.

4. హక్కులు చూసుకోండి. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కు హక్కు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. సాహిత్యానికి, బాణీకి మాత్రం కర్త పోయాక 60 ఏళ్లు. రికార్డు పాతదైనంత మాత్రాన పాట స్వేచ్ఛగా దొరికినట్టు కాదు.

5. లెక్క రాయండి. గాయని పారితోషికం, పక్కవాద్యాలు, హాలు, మైకు, ఆటో, టీలు. అందరూ మరిచేది ఒకటుంది: మీ కూలీ. ఇవ్వగలిగినా లేకపోయినా ఆ అంకె కాగితం మీద ఉండాలి, రేపు గ్రాంటు అడిగేటప్పుడు చూపించాల్సింది అదే.

6. కార్యక్రమం అయ్యాక రికార్డింగు కాపీ ఒకటి పాడినవాళ్ల ఇంటికి చేర్చండి. ఇంకొకటి ఆర్కైవుకు (పాత రికార్డులు భద్రపరిచే చోటు) ఇవ్వాలనుకుంటే మళ్లీ వాళ్లనే అడగండి. కరపత్రం, లెక్కల కాగితం, రెండు ఫొటోలు ఫైల్లో పెట్టుకుని ఉద్యోగానికి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్లకన్నా ముందు అది తెరవండి.