అమ్మానాన్నలు అమెరికా విమానం ఎక్కే ముందు

టికెట్ మీద ఇలా ఉంటుంది: మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో బయలుదేరి, అదే మంగళవారం సాయంత్రం 4 గంటలకు డాలస్‌లో దిగుతారు. మా అమ్మ అది చూసి, "పన్నెండు గంటలేగా, కాశీకి రైల్లో ఇంతకంటే ఎక్కువే కూర్చున్నాం కదరా" అంది. పన్నెండు కాదమ్మా! టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అది కలిపితే ఇరవై రెండున్నర. నవంబరు నుంచి మార్చి దాకా అయితే తేడా పదకొండున్నర.

మధ్యలో దుబాయ్‌లో విమానం మారాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కి.మీ., నాలుగు గంటలు. అక్కడ్నుంచి డాలస్ దాదాపు 12,900 కి.మీ., పదహారు గంటలు. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి కాస్త తగ్గుతుంది.

మందుల లెక్క మాత్రం విమానం టైముతో వేయకండి. వరంగల్‌లో ముందురోజు రాత్రి 9కి కారెక్కితే, డాలస్‌లో ఇమిగ్రేషన్, సామాన్లు అయ్యి బయటపడేసరికి 31 గంటలు దాటుతుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. పడమటికి వెళ్తుంటే రోజు సాగుతుంది. ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత అన్నది రెండు వారాల ముందే డాక్టరుగారిని అడిగి తెలుగులో రాయించుకోండి. మేం చిన్న జిప్ కవర్ల మీద "దుబాయ్‌లో టిఫిన్ తర్వాత", "పెద్ద విమానంలో మొదటి భోజనం ముందు" అని స్కెచ్ పెన్నుతో రాసిచ్చాం. గడియారం చూడాల్సిన పని లేకుండా పోయింది. మందులన్నీ, చీటీతో సహా, చేతిసంచిలోనే. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు.

పదహారు గంటలు కాళ్లు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నడవా పక్క సీటు అడగండి. గంటకో గంటన్నరకో లేచి నాలుగడుగులు వేయాలి, కూర్చున్నా మడమలు ఆడిస్తుండాలి. వెరికోస్ వెయిన్స్ ఉన్నా, ఈమధ్య ఆపరేషన్ అయినా, బిగుతు సాక్సుల సంగతి డాక్టరుతో మాట్లాడాకే విమానం ఎక్కించండి. బాత్రూముకు లేవాల్సొస్తుందని మా నాన్నలా నీళ్లు మానేసేవాళ్లే ఎక్కువ. లోపలి గాలి బాగా పొడి, గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి.

ఆవకాయ చెక్-ఇన్ పెట్టెలోకే. నూనె ఊరితే చీరల గతి చెప్పక్కర్లేదు, రెండు కవర్లు చుట్టండి. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే. పచ్చి కరివేపాకు వద్దు, నిమ్మజాతి చెట్లకు తెగులు వస్తుందని అక్కడ రానివ్వరు. తిండి సామాన్లు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పమనండి. చెప్తే, రానివ్వనివి మాత్రం పారేస్తారు, దాస్తే జరిమానా పడొచ్చు.

డాలస్ తర్వాత ఇంకో విమానం ఉంటే, పెట్టెలు డాలస్‌లోనే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. వీల్‌చైర్ టికెట్ కొన్నరోజే అడగండి. పిల్లల అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద ఇంగ్లీషులో రాసి పాస్‌పోర్టు కవర్లో పెట్టండి. దిగేసరికి అమ్మ ఫోన్లో చార్జింగ్ ఉండదు.